అటుపక్క స్టెప్నీ

మేస్త్రీ కారుకి స్టెప్నీలు రెండు. అవి డిక్కీలో దాక్కునే రకం కాదు. బానెట్‌కి అటొకటి, ఇటొకటి, ముందు మడ్‌గార్డుల మీద కమ్మలు పెట్టుకున్న చెవుల్లా నిలబడి ఉంటాయి. పాతకాలంలో పెద్ద కార్లని అలాగే చేసేవాళ్లు. ఎందుకలా అని మేస్త్రీని అడిగితే మాత్రం, అడిగిన మనిషిని బట్టి జవాబు మారిపోతుంది. పిల్లలు అడిగితే, పరిగెత్తి పరిగెత్తి కారుకి కాళ్లు నొప్పి పుడితే మార్చుకోవడానికి అంటాడు. పెద్దవాళ్లు అడిగితే కథ కాస్త పెద్దదవుతుంది. వెనకటికి ఒకాయన కారుతో సహా వంతెన మీంచి నదిలో పడ్డాడట. పక్కనున్న రెండు చక్రాలూ తెడ్లలా గిరగిరా తిరిగి ఆయన్ని అవతలి ఒడ్డుకి చేర్చాయట.

"మరి ఆయన బట్టలు తడవలేదా మేస్త్రీ?" అని ఎవరైనా తగులుకుంటే, "తడవలేదు. జేబులో రెండు చేపలు మాత్రం దొరికాయి" అంటాడు, మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా.

ఆ కారు మేస్త్రీకి దొరికినప్పుడు ఒక తోటలో కోళ్లగూడుగా ఉండేది. రేకులు తుప్పు పట్టి, సీట్లలో గడ్డి పెరిగి, స్టీరింగు మీద పుంజు కూర్చుని ఉండేది. దాన్ని షెడ్డుకి లాక్కొచ్చి, ఏళ్ల తరబడి ఆదివారాలన్నీ దానికే ధారపోసి, మళ్లీ కారుని చేశారు మొగుడూ పెళ్లామూ. ఇంజనూ రేకూ మేస్త్రీ పని. సీట్లూ, లోపలి గుడ్డా, తోలూ, స్టెప్నీలకి తొడిగే గుడ్డ గౌన్లూ ఆయన భార్య పని. ఊళ్లో పాత కార్ల సీట్లన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళతాయి కాబట్టి అందరూ ఆవిణ్ణి సీట్లమ్మ అనేవాళ్లు. ఆవిడ అసలు పేరు బహుశా మేస్త్రీకి కూడా కాస్త ఆలోచిస్తే గానీ గుర్తుకు రాదు. "మొదటిసారి హారను కొడితే మోగలేదండీ, గుడ్డు పెట్టింది" అని మేస్త్రీ చెబుతుంటే, సీట్లమ్మ నోట్లో దారప్పోగు కొరుకుతూ "రెండు" అని సవరించేది.

కారు తయారయ్యాక ప్రతి ఆదివారమూ ఒకటే పని. నది దాటి మేస్త్రీ అక్క ఇంటికి వెళ్లడం, మోకాళ్లు పట్టేసి గుమ్మం దాటలేని ఆ పెద్దావిణ్ణి వెనక సీట్లో కూర్చోబెట్టుకుని గట్టు రోడ్డు మీద చివరిదాకా తిప్పి తీసుకురావడం. తల్లి పోయాక మేస్త్రీని పెంచింది ఆ అక్కే. వారమంతా ఆవిడ ఆ గంట కోసం కూర్చుంటుంది. మేస్త్రీ కూడా అంతే, పైకి చెప్పడు గానీ.

అలాంటిది, చలికాలం మొదట్లో మేస్త్రీకి చూపు పోవడం మొదలైంది. అది కూడా తిన్నగా పోలేదు, మేస్త్రీ కథల్లాగే వింతగా పోయింది. సూటిగా చూసింది మాయమైపోతుంది, చుట్టూ ఉన్నది మాత్రం మిగులుతుంది. మనిషిని చూస్తే చెవులు రెండూ కనిపిస్తాయి, మధ్యలో మొహం ఉండదు. నట్టు మీద పానా పెట్టబోతే కారంతా ఉంటుంది, నట్టు ఉండదు. డాక్టరు దీపాలు వేసి, చుక్కలు వేసి, అన్నీ చూసి, "ఉన్నది ఇలాగే ఉంటుంది, పోయింది తిరిగి రాదు. చేతి పని చేసుకోండి. బండి మాత్రం నడపకండి" అన్నాడు.

సీట్లమ్మ పక్కనే కూర్చుని విన్నది. ఇంటికి వచ్చాక మేస్త్రీ ఆ మాట ఎత్తలేదు. ఆవిడా ఎత్తలేదు.

ఆ ఆదివారం కారు కదల్లేదు. అక్క ఫోను చేసింది.

"ఏరా, కారు పోయిందా, నువ్వు పోయావా? ఏదో ఒకటి చెబితే ఏడవడానికి వీలుగా ఉంటుంది."

"ఇంజను విప్పానక్కా. ఒక్క ముక్క కోసం ఆగింది. ఓడలో వస్తోంది."

పై వారానికి ఆ ఓడ తుఫానులో చిక్కుకుంది. ఆ పై వారం మునిగింది. తరవాత ముక్క ఉన్న పెట్టె తేలింది గానీ దాన్ని తిమింగలం మింగింది.

"ఒరేయ్" అంది అక్క ఆ రోజు. ఎప్పుడూ నవ్వేది, ఈసారి నవ్వలేదు. "నీకు రావాలని లేకపోతే లేదని చెప్పు. చేపల మీదికి తొయ్యకు."

మేస్త్రీ ఫోను పెట్టేసి చాలాసేపు పానాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఒకసారి తుడిచినవే మళ్లీ తుడిచాడు.

అంతకు ముందే ఇంకొక పొరపాటు జరిగింది. దాని సంగతి చెప్పాలంటే మడ్‌గార్డు మీద స్టెప్నీ ఎలా కూర్చుంటుందో కాస్త చెప్పుకోవాలి. మడ్‌గార్డులో దానికోసం ఒక గుంట ఉంటుంది. చక్రం అందులో నడుం లోతున దిగుతుంది. నిండా గాలి ఉన్న టైరు ఆ గుంటలో పట్టదు. అందుకని గాలి సగం తీసేసి, మెత్తగా చేసి, ఇద్దరు మనుషులు ఎత్తి దించాలి. దించాక గాలి కొడితే టైరు ఉబ్బి, గుంట గోడల్ని బిగించి పట్టుకుంటుంది. ఆ తరవాత నడిమధ్య తాళమున్న బిళ్ల బిగించి, గౌను తొడిగి, పైన తోలు పట్టీతో గుండ్రటి అద్దం కడతారు. తీయాలంటే మళ్లీ గాలి తీయాలి. తీయాలంటే వాల్వు చేతికి అందాలి. అందుకని దించేటప్పుడు వాల్వు పైకి ఉండాలి. ఇందులో ఇంతకు మించిన రహస్యం ఏమీ లేదు.

మేస్త్రీకి ఇంకొక అలవాటు. చక్రం దించాక వంగి గొట్టం బిగించడం నడుముకి కష్టమని, పంపు గొట్టాన్ని ముందే వాల్వుకి తిప్పి బిగించేసేవాడు. తరవాత సీట్లమ్మ అటు, తను ఇటు పట్టుకునేవాళ్లు. ఆవిడ "ఊఁ" అనేది. ఆ "ఊఁ" మీద చక్రం లేచేది.

డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చిన వారంలోనే, రంగు వేయడానికి విప్పిన అటుపక్క స్టెప్నీ, అంటే సీట్లమ్మ కూర్చునే వైపుది, తిరిగి బిగించాల్సి వచ్చింది. ఆవిడ గుడ్డ కొనడానికి బజారుకి వెళ్లింది. వచ్చేదాకా ఆగవచ్చు. మేస్త్రీ ఆగలేదు. తనకేమీ కాలేదని తనకే చూపించుకోవాలనిపించింది. గొట్టం బిగించాడు. చక్రాన్ని తొడ మీదికి, తొడ మీంచి మడ్‌గార్డు మీదికి ఎత్తి, పళ్లు బిగబట్టి, దించాడు. గాలి కొట్టాడు. టైరు గట్టిపడి బిగుసుకుంటుంటే ఆ చప్పుడుకే కడుపు నిండింది. గొట్టం విప్పుదామని పైన తడిమాడు. పైన వాల్వు లేదు. గొట్టం వెంబడి వేళ్లు పోనిచ్చాడు. గొట్టం కిందికి పోయింది. రేకుకీ చక్రానికీ మధ్య సందులోకి, వేలు దూరని చోటికి పోయింది.

చక్రాన్ని తలకిందులుగా దించాడు.

పంపు ఒక చివర, బిగిసిన టైరు ఒక చివర, మధ్యలో ఎర్ర రబ్బరు గొట్టం. మేస్త్రీ అటు లాగాడు, ఇటు తిప్పాడు. గాలి తీద్దామని కత్తితో గొట్టాన్ని తెగ్గోసి, తెగిన చివరలోంచి సైకిలు పుల్ల దూర్చాడు. పుల్ల గొట్టం పక్కనుంచి బయటికి వచ్చింది తప్ప లోపలికి పోలేదు. వీధి మలుపులో సీట్లమ్మ చెప్పుల చప్పుడు వినిపించింది. మేస్త్రీ మిగిలిన జానెడు ముక్కని చక్రం వెనక్కి తోసేశాడు.

"పంపు గొట్టం ఏమైందయ్యా?" అంది సీట్లమ్మ లోపలికి వస్తూనే.

"ఎలుక కొరికింది."

సీట్లమ్మ తెగిన చివర చేతిలోకి తీసుకుని చూసింది. కత్తెర పట్టే మనిషికి కోతలు తెలుసు.

"మంచి ఎలుక. తిన్నగా కొరికింది" అంది. ఆ సాయంత్రం స్టెప్నీ మీద గౌను ఆవిడే తొడిగింది.

ఇదీ సంగతి. ఇప్పుడు సీట్లమ్మ తమ్ముడు రావాలి.

అతను మేస్త్రీకి బామ్మర్ది. డ్రైవింగు నేర్పడం అతని వృత్తి. డోలు గొంతు. కూర్చున్న చోట కుర్చీ ఊరుకోదు. ఒక శనివారం ఉదయం షెడ్డులోకి వచ్చి, బల్ల మీద ఎక్కి కూర్చుని, "బావా, మా అక్క బండి నేర్చుకుంది" అన్నాడు.

మేస్త్రీ చేతిలో పానా ఆగింది. "ఏ బండి?"

"కారు. నా దగ్గర. రోజూ మధ్యాహ్నం గుడ్డలు చూడ్డానికని వెళ్లేది కదా, ఇన్ని గుడ్డలు ఎవరు చూస్తారు బావా, నీకు అనుమానం కూడా రాలేదా? లైసెన్సు కూడా వచ్చింది. పరీక్ష పెట్టినాయనకి వాళ్ల సీటు చిరిగిందని చెప్పి కుట్టి మరీ వచ్చింది."

సీట్లమ్మ మిషను ఆపకుండానే అంది, "వదిన దగ్గరికి వెళ్లాలి కదా. తిమింగలం ఎప్పుడు కక్కుతుందో ఏమో."

మేస్త్రీ తల తిప్పాడు. ఆవిడ మొహం చూద్దామనుకున్నాడు. చూసిన చోట మొహం లేదు. చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకలు, భుజాలు, మిషను చక్రం తిరగడం, అంతే కనిపించాయి.

"నడుపు. నాకేం" అన్నాడు చివరికి.

"నడుపుతా. కానీ నేను పొట్టిదాన్ని. ఈ వైపు కూర్చుంటే ఆ స్టెప్నీ అడ్డం. రోడ్డంచు కనపడదు. అటుపక్కది తీసెయ్యి."

అప్పుడు లేచాడు మేస్త్రీ. "తీయడమా! ఒక్కటి తీస్తే కారు ఒరిగిపోతుంది."

"ఇంత కారు, ఒక చక్రానికి ఒరుగుతుందా?" అన్నాడు బామ్మర్ది.

"నీకు తెలీదురా. అవి కవలలు. ఒకదాన్ని తీస్తే రెండోది గాలి పట్టదు. నేను చూశాను. ఒకాయన ఇలాగే ఒకటి తీసి అమ్ముకున్నాడు. మిగిలిన చక్రం రాత్రికి రాత్రి దొర్లుకుంటూ పోయి, పక్క ఊళ్లో దాని జతని వెతుక్కుంది."

"దారి ఎవర్ని అడిగింది బావా?"

"పోలీసుని."

బామ్మర్ది పడీ పడీ నవ్వాడు. సీట్లమ్మ నవ్వలేదు. ఆవిడ మిషను ఆపి, "పోనీ దిండు వేసుకుంటా" అంది. ఒక దిండు వేసుకుంది. దాని మీద ఇంకోటి వేసుకుంది. మూడోది వేసేసరికి తల పైరేకుకి తగిలింది, కాళ్లు బ్రేకుకి అందలేదు.

"అందితే కనపడదు, కనపడితే అందదు" అన్నాడు బామ్మర్ది. "బావా, ఒక పని చెయ్యి. నువ్వు ఆ పక్క కూర్చో. అక్క నడుపుతుంది. వీధి చివరిదాకా వెళ్లి వద్దాం. ఆ స్టెప్నీ అడ్డమో కాదో నువ్వే చూడు."

మేస్త్రీకి అది ఇష్టం లేదు. స్టెప్నీ సంగతి కాదు. తను విప్పి, తట్టి, పుట్టించిన కారులో పక్క సీట్లో కూర్చోవాలి. ఒకసారి కూర్చుంటే ఇక లేవడం ఉండదని అతనికి తెలుసు. డాక్టరు చెప్పినప్పుడు కూడా లోపల ఎక్కడో, వచ్చే ఆదివారానికి సర్దుకుంటుందిలే అనే మాట ఒకటి మిగిలి ఉంది. ఆ సీట్లో కూర్చోవడమంటే ఆ మాటని కూడా ఇచ్చెయ్యడం. కానీ బామ్మర్ది ముందు వెనక్కి తగ్గితే వాడు వీధంతా చాటుతాడు.

అలవాటుగా స్టీరింగు వైపు తలుపు దగ్గరికి నడిచాడు. అక్కడ సీట్లమ్మ కూర్చుని ఉంది. కారు చుట్టూ తిరిగి అవతలికి వెళ్లాడు. తలుపు తీశాడు. సగం తెరుచుకుని, స్టెప్నీ గౌనుకి ధబ్బున తగిలి ఆగిపోయింది.

"ఇదేమిటి, ఇంతే తెరుచుకుంటుందా?"

"ఎప్పుడూ అంతే" అంది లోపలినుంచి సీట్లమ్మ.

మేస్త్రీ పక్కకి తిరిగాడు. పొట్ట లోపలికి పీల్చాడు. ఒక కాలు పెట్టి, తల వంచి, రెండో కాలు లాక్కుంటుంటే చొక్కా గుండీ ఒకటి ఊడి కారు కిందికి పోయింది.

"ఏ దరిద్రుడు చేశాడీ తలుపు!"

"నువ్వే" అన్నారు అక్కా తమ్ముడూ ఒకేసారి.

సీట్లో పడ్డాడు. ఆ సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు మేస్త్రీ. మెత్తగా, వీపుకి సరిగ్గా ఉంది. ముందుకు చూశాడు. తిన్నగా చూస్తే ఎలాగూ ఏమీ లేదు. అంచుల్లో చూద్దామని తల కాస్త తిప్పాడు. నల్లగా, గుండ్రంగా, గోడలాంటిది ఒకటి అడ్డం ఉంది. దాని మీద అద్దం వీపు. బానెట్‌కీ దానికీ మధ్య రెండు వేళ్లంత వెలుతురు.

సీట్లమ్మ ఇంజను స్టార్టు చేసింది. క్లచ్చి వదిలింది. మేస్త్రీ ఊపిరి బిగబట్టుకున్నాడు. కారు ఇప్పుడు ఎగిరి దూకుతుందనుకున్నాడు. దూకలేదు. గుడ్డ మడత విప్పినట్టు కదిలింది. తను వదిలేటప్పుడు ఎప్పుడూ ఒక చిన్న కుదుపు ఉండేది. అది క్లచ్చి గుణమని ఇన్నాళ్లూ అనుకున్నాడు.

వీధి చివర రోడ్డంచున బామ్మర్ది ఒక ఖాళీ బాల్చీ పెట్టాడు. "దాని పక్కన ఆపాలక్కా!" అని అరిచాడు. సీట్లమ్మ మెడ సాచి, నెమ్మదిగా, జాగ్రత్తగా, అన్నీ సరిగ్గా చేస్తూ వెళ్లి, ఆ బాల్చీ మీదికి ఎక్కించింది. అది అప్పడంలా అయింది.

"కనపడలేదు" అంది.

మేస్త్రీ ఆ నల్లటి గోడనే చూస్తున్నాడు.

"ఏమేవ్. గట్టు రోడ్డు మీద పోయేటప్పుడు, అటు చూడు, నీళ్లలో పడవ పోతోంది అనేవాణ్ణి."

"ఊఁ."

"పిల్లలు ఈతకొడుతున్నారు అనేవాణ్ణి. ఆ మలుపు దగ్గర పచ్చటి ఇల్లు అనేవాణ్ణి."

"ఊఁ."

"అవన్నీ ఈ వైపే కదా. నువ్వు, చూశా, బాగున్నాయి అనేదానివి."

"అనేదాన్ని."

"ఏం కనపడేది?"

సీట్లమ్మ ఇంజను ఆపింది. స్టీరింగు మీది దుమ్ము చేత్తో తుడిచింది.

"టైరు కనపడేది. మంచి టైరే" అంది. తరవాత, "నువ్వు అంత సంబరంగా చెప్పేవాడివి. కనపడలేదంటే కారు ఆపి, దిగి, వంతెన కథ మొదలుపెడతావేమోనని భయం" అంది.

మేస్త్రీకి నవ్వు రాలేదు. ఆదివారాలన్నీ తను రాజులా కూర్చుని దారి చూపిస్తుంటే, పక్కన ఈ మనిషి నల్ల రబ్బరుని చూస్తూ బాగుంది బాగుంది అంటూ కూర్చుంది. పక్కకి తిరిగి, పొట్ట బిగబట్టి ఎక్కుతూ, దిగుతూ. ఒక్కనాడు తలుపు కాస్త చూడు అనలేదు. అన్నదేమో. తనే ఏదో తిమింగలం కథ చెప్పి ఉంటాడు.

"తీసేద్దాం" అన్నాడు. అని, ఒక క్షణం ఆగి, "కానీ రాదే అది. అది..." అన్నాడు.

అక్కడ ఒక కథ వస్తుందని బామ్మర్ది కిటికీలో తల పెట్టి ఎదురు చూశాడు. కథ రాలేదు.

"వాల్వు అడుక్కి పోయింది. నాకు తెలుసు" అంది సీట్లమ్మ మెల్లిగా.

"ఎప్పుడు తెలుసు?"

"గౌను తొడిగిన రోజే. ఎర్రగొట్టం పైకి పొడుచుకొచ్చింది. లోపలికి దోపి తొడిగాను."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? ఎలుక ఏమనుకుంటుంది?"

బామ్మర్దికి ఏమీ అర్థం కాలేదు. "ఏ ఎలుక? ఎవరైనా నాకు చెప్పండి" అన్నాడు. చెప్పలేదు ఎవరూ. మేస్త్రీ కాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ చేతులు కూడా సరిగ్గా కనపడని చూపుతో వాటినే చూసుకుంటూ కూర్చున్నాడు. తరవాత సీట్లమ్మ చెయ్యి తడిమి పట్టుకున్నాడు. సూదులు గుచ్చి గుచ్చి వేళ్ల చివరలు గరుకుగా ఉన్నాయి. పెళ్లయిన కొత్తలో ఇంత గరుకు కాదు.

"నాకు కనపడ్డం లేదే" అన్నాడు.

"ఊఁ" అంది ఆవిడ.

షెడ్డుకి తిరిగొచ్చాక పని మొదలైంది. అద్దం పట్టీ విప్పారు. గౌను తీశారు. తాళం తిప్పి బిళ్ల ఊడదీశారు. టైరు మాత్రం బండరాయిలా కూర్చుని ఉంది. గుంటలోంచి జానెడు ఎర్రగొట్టం, సిగ్గుపడ్డట్టు తల వంచుకుని బయటికి వచ్చింది.

"కత్తి పెట్టి టైరు కోసేద్దాం బావా."

"ముందు నా పీక కొయ్యి. ఆ సైజు టైరు ఇప్పుడు చెయ్యరు."

"పోనీ గడ్డపార వేసి ఎత్తుదాం."

"కొత్త రంగురా, బామ్మర్దీ! నిన్ను గడ్డపార వేసి ఎత్తుతా. ఆ బల్ల మీద కూర్చో, నీకదే బాగుంటుంది."

మేస్త్రీ గొట్టాన్ని వేళ్లతో చదివాడు. పైన తిన్నగా ఉంది. రెండు అంగుళాలు పోయాక వంపు. వంపు దగ్గర, తను సైకిలు పుల్లతో పొడిచిన చిల్లు. ఆ తరవాత వాల్వు. వాల్వు లోపలి పిన్ను నొక్కితే గాలి పోతుంది. తిన్నటి పుల్ల వంపు తిరగదు.

"వంపు సూది కావాలి" అన్నాడు.

సీట్లమ్మ అప్పటికే తన డబ్బా తెరిచింది. సీటు లోపల స్ప్రింగుల మధ్య నుంచి దారం తీసుకురావడానికి వాడే పొడుగాటి సూది తీసింది, విల్లులా వంగి ఉంటుంది. మొన వైపు కాకుండా కన్ను వైపు ముందుకు తిప్పి పట్టుకుంది, గుచ్చుకోకుండా.

మేస్త్రీ రెండు వేళ్లతో గొట్టం చివర పట్టుకుని మెల్లిగా పైకి లాగి ఉంచాడు. ఆవిడ సూది దించింది. ఇద్దరి తలలూ మడ్‌గార్డు మీద ఆనుకున్నాయి. మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు. తెరిచి ఉంచి లాభం లేదు, మూసుకుంటేనే వేళ్లకి బాగా తెలుస్తుంది.

"ఇటు తిప్పు... నా వైపు. చాలు. చిల్లు దగ్గరికి వచ్చావు, అక్కడ దిగబడకు. గోడని రాసుకుంటూ పో."

"పోతున్నా. స్ప్రింగులో దారం తీసేదాన్ని, నాకు చెబుతావా?"

"ఆగు. ఇప్పుడు లోతుకి."

"ఏదో తగిలింది."

"మెత్తగా ఉందా, గట్టిగా ఉందా?"

"గట్టిగా. కదులుతోంది."

"అదే. నొక్కు."

నొక్కింది. మొదట ఏమీ లేదు. తరవాత సన్నగా, నిద్రలో పసిపిల్ల ఊపిరి వదిలినట్టు, గాలి రావడం మొదలైంది. మేస్త్రీ గొట్టం వదల్లేదు. ఆవిడ సూది వదల్లేదు. ఆ భంగిమలోనే, నడుములు పట్టేస్తున్నా, గాలి మొత్తం పోయేదాకా చెంపకి చెంప ఆనించి అలాగే ఉన్నారు. బామ్మర్ది మెల్లిగా వెళ్లి నీళ్లు తాగి వచ్చాడు.

టైరు మెత్తబడింది. బామ్మర్ది చొక్కా చేతులు మడిచి, "తప్పుకోండి, ఇక ఇది మగవాళ్ల పని" అని ముందుకొచ్చి, చక్రం ఒక్కటే గుంజు గుంజాడు. చక్రం రాలేదు గానీ వేళ్లు నలిగాయి. వేళ్లు నోట్లో పెట్టుకుని గంతులేస్తుంటే, మేస్త్రీ ఇటు, సీట్లమ్మ అటు నిలబడ్డారు.

"ఊఁ" అంది సీట్లమ్మ.

చక్రం లేచింది. దాన్ని గోడకి ఆనించారు. మడ్‌గార్డులో ఖాళీ గుంట నోరు తెరుచుకుని ఉంది. వాన నీళ్లు పడకుండా దానికి రేకు మూత తట్టి పెట్టాలి. మేస్త్రీ చేత్తో దాని అంచు చుట్టూ కొలిచి చూసుకున్నాడు. ఆ పనికి కళ్లు అక్కర్లేదు.

మర్నాడు ఆదివారం. బామ్మర్ది ఇంకో బాల్చీ తీసుకుని ఉదయాన్నే వచ్చాడు. దాన్ని ఆ అంచున, ఈ అంచున, మలుపు దగ్గర, ఎక్కడ పెట్టినా సీట్లమ్మ బెత్తెడు ఎడంగా ఆపింది. ఒకే దిండుతో. "ఇక నాకేం పని లేదు" అని బాల్చీని నెత్తిన బోర్లించుకుని ఇంటికి పోయాడు.

మేస్త్రీ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కారు చుట్టూ తిరిగి అవతలి తలుపు తీశాడు. తలుపు పూర్తిగా, రెక్కలా తెరుచుకుంది. తన కారు తలుపు అంత విశాలంగా తెరుచుకుంటుందని చేసినవాడికే తెలియదు. ఎక్కి కూర్చున్నాడు. గుంట మీదుగా, చూపు అంచుల్లో, రోడ్డు, రోడ్డు పక్క గోడలు, ఎవరిదో సైకిలు, ఒకదాని వెనక ఒకటి వచ్చి వెళ్లసాగాయి. వంతెన మీద ఎండ ఇనపకమ్మీల సందుల్లోంచి ఒళ్లో పడి పోతూ ఉంది. రెండుసార్లు కాలు తనంతట తానే బ్రేకు నొక్కింది. అక్కడ బ్రేకు లేదు. మూడోసారి కాలు ఊరుకుంది.

అక్క ఇంటి ముందు కారు ఆగింది. హారను విని ఆవిడ గుమ్మంలోకి వచ్చింది, తలుపు చెక్క పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ. ముందు కారుని చూసింది. తరవాత స్టీరింగు వెనక కూర్చున్న మరదల్ని చూసింది. తరవాత పక్క సీట్లో, చేతులు ఒళ్లో పెట్టుకుని, స్కూలుకి మొదటిరోజు వచ్చిన పిల్లాడిలా కూర్చున్న తమ్ముణ్ణి చూసింది.

"ఏమైందిరా?" అంది. "నువ్వు అటు కూర్చున్నావేం?"

మేస్త్రీ దిగాడు. దారి పొడుగునా దీనికి జవాబు వండుతూనే వచ్చాడు. మంచి జవాబే దొరికింది. అందులో ఒక రాజుగారు, ఒక పందెం, స్టీరింగు ఎత్తుకుపోయిన కోతి కూడా ఉన్నాయి. అక్క ఎదురుగా నిలబడ్డాక ఆ కోతి ఎటో పోయింది. అక్క మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ, చుట్టూ తెల్ల జుట్టు.

"నా కళ్లు పోయాయక్కా. సగం పోయాయి. ఇక బండి ఇదే నడుపుతుంది."

అక్క చెయ్యి చాపి తమ్ముడి గడ్డం పట్టుకుంది. చిన్నప్పుడు మొహం కడిగేటప్పుడు పట్టుకున్నట్టు అటూ ఇటూ తిప్పి, కళ్లలోకి చూసింది. ఏం కనిపించిందో ఏమో.

"ఇన్ని వారాలూ ఇదా? ఓడా, తుఫానూ, తిమింగలం, ఇదా?"

"ఇదే."

"వెధవా" అంది. వెంటనే కారు వైపు తిరిగింది. తెరిచి ఉన్న ముందు తలుపుని చూసింది. "ఇదేమిటి, ఇంత తెరుచుకుంటోంది?"

"స్టెప్నీ తీసేశాం వదినా" అంది సీట్లమ్మ.

"అయితే ఇందులో నేను పడతాను!"

అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. వంగని మోకాళ్లతో ఆ సగం తలుపులోంచి దూరడం కుదరక, పెద్దావిడ ఎప్పుడూ వెనక సీట్లోనే, ముందున్న వాళ్ల మెడలు చూసుకుంటూ తిరిగింది. మేస్త్రీ ఒక పక్క, సీట్లమ్మ దిగొచ్చి ఇంకో పక్క పట్టుకున్నారు. ముందు ఆవిణ్ణి వెనక్కి తిప్పి కూర్చోబెట్టారు, తరవాత కాళ్లు రెండూ కలిపి లోపలికి తిప్పారు. పట్టాయి. ఆవిడ వీపు ఆనించి, ముందు అద్దంలోంచి వీధి మొత్తం చూసి, "ఇంత దొంగతనమా! మంచి సీటు మీరుంచుకుని నన్ను వెనక్కి తోసేవాళ్లా?" అంది.

"మరి నేనెక్కడ కూర్చోను?" అన్నాడు మేస్త్రీ.

"వెనక. నీకెలాగూ కనపడదన్నావుగా" అంది అక్క.

సీట్లమ్మ గుక్క తిప్పుకోలేనంతగా నవ్వింది. మేస్త్రీకి కోపం రావాల్సింది. రాలేదు. వెనక తలుపు తీసుకుని ఎక్కాడు. వెనక సీటు నిండా అతనొక్కడే. కాళ్లు చాపుకునేంత చోటు.

కారు గట్టు రోడ్డెక్కింది. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లూ మాట్లాడుకుంటున్నారు. వెనకనుంచి వింటుంటే అర్థమైంది, వాళ్లకి చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయని. ఆదివారాలన్నీ ఈ కారులో ఒకే గొంతు మోగుతూ వచ్చిందని కూడా.

"వదినా, ఆ పచ్చటి ఇల్లు ఇదేనా? నేను అనుకున్నంత పచ్చగా లేదే" అంది సీట్లమ్మ.

"వెలిసిపోయింది. మొదట బాగానే ఉండేది" అంది అక్క.

మేస్త్రీ ముందుకు వంగి, సీట్ల మధ్య తల పెట్టాడు. "ఆ ఇంటి కథ మీకు తెలుసా? ఆ ఇల్లు కట్టినాయన..."

"కాసేపు ఊరుకో. మలుపొస్తోంది" అన్నారు ఇద్దరూ.

మేస్త్రీ ఊరుకున్నాడు. వెనక్కి జారగిలబడి, కళ్లు మూసుకుని, మలుపులో సీట్లమ్మ గేరు మార్చడం విన్నాడు. కుదుపు లేదు.